యాప్ ఏ భాషలో తెరుచుకోవాలి? అపోహలు - వాస్తవాలు

అపోహ: మనిషి ఎక్కడున్నాడో తెలిస్తే భాష తెలిసినట్టే.

నెల్లూరులో మొబైల్ డేటా మీద ఐపీ అడ్రస్ (నెట్‌లో ఫోన్‌ని గుర్తుపట్టే నంబరు) చూస్తే ఊరు ఒకసారి చెన్నై అంటుంది, ఇంకోసారి హైదరాబాద్ అంటుంది. దాన్ని నమ్ముకున్న సైట్ ట్రంక్ రోడ్డులో నిలబడ్డ మనిషికి తమిళం చూపిస్తుంది. ఊరు సరిగ్గా దొరికినా అంతే. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో బయటి రాష్ట్రాలవాళ్లు బోలెడుమంది, వాళ్లకి తెలుగు తెరిచిపెట్టి ఏం లాభం? లొకేషన్ డెలివరీకి వాడుకోండి.

అపోహ: యాప్‌లో తెలుగు ఉంది కాబట్టి తెలుగు ఫోన్‌లో తెలుగే వస్తుంది.

మా పనిలో ఎక్కువ దెబ్బలు తగిలేది ఇక్కడే. ఫోన్ అడిగేది 'టీఈ-ఐఎన్', అంటే ఇండియా తెలుగు. యాప్‌లో ఉన్నది ఉత్త 'టీఈ', అంటే దేశం పేరు లేని తెలుగు. రెండూ అచ్చం ఒకటేనా అని కోడు చూస్తే, కావు. తెలుగు లోపలే ఉన్నా ఇంగ్లీషు తెరుచుకుంటుంది. 2006 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 4647లో దీనికి లుకప్ అనే పద్ధతి ఉంది: దొరక్కపోతే చివరి ముక్క తీసేసి మళ్లీ వెతకాలి. 'ఐఎన్' పోతే 'టీఈ' దొరుకుతుంది. ఇది సొంతంగా రాసుకోకండి, రెడీగా రాసిపెట్టిన మంచి కోడు లైబ్రరీలున్నాయి.

అపోహ: అడిగిన భాష లేకపోతే ఇంగ్లీషే గతి.

బ్రౌజర్ పేజీ అడిగేటప్పుడు దాంతోపాటు పంపే చీటీలాంటి యాక్సెప్ట్-లాంగ్వేజ్ హెడర్‌లో భాషల వరసే పంపగలదు, ఏది ఎంత ఇష్టమో 'క్యూ' విలువలతో సహా. ఆండ్రాయిడ్‌లోనూ 2016లో వచ్చిన 7.0 నుంచి ఈ వరస ఉంది. నెల్లూరు కోటమిట్టలో ఒకాయన ఉర్దూ ముందు, తెలుగు తర్వాత పెట్టుకున్నాడనుకోండి. మీ దగ్గర ఉర్దూ లేదు, తెలుగు ఉంది. ఇంక ఇంగ్లీషు ఊసెందుకు?

అపోహ: ఫోన్ ఇంగ్లీషులో ఉందంటే ఇంగ్లీషే కావాలి.

చాలాసార్లు అది షాపులో కుర్రాడు పెట్టిచ్చిన సెట్టింగు. ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల దగ్గర ఒక పెద్దాయన మేత లెక్కల యాప్ చూపించాడు. ఆయన చదివేది అంకెలే, బటన్లన్నీ రంగు గుర్తు. "పచ్చది నొక్కితే ఎక్కుద్ది అబ్బయా, ఎర్రది ముట్టుకోను" అన్నాడు. ఆ యాప్‌లో తెలుగు లేక కాదు, సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున పడుంది! భాష మార్చుకునే చోటు మొదటి స్క్రీన్ మీదే ఉండాలి, 'తెలుగు' అని తెలుగులోనే రాసి. ఆయన ఒకసారి ఎంచుకున్నాక ఫోన్ సెట్టింగు ఏదైనా అదే చెల్లాలి, అప్‌డేట్ వచ్చినా సరే. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక్కో యాప్‌కి వేరే భాష పెట్టుకునే వీలు ఫోన్ సెట్టింగ్స్‌లోనే ఉంది.

భాషల పక్కన జెండాల బొమ్మలా? మన దేశంలో అన్నిటికీ ఒకటే జెండా, వదిలెయ్యండి.

అపోహ: తెలుగు అంటే అంకెలు కూడా ౧, ౨, ౩ అని రావాలి.

ఏ భాషకి అంకెలు, తేదీలు ఎలా రాయాలో చెప్పే యూనికోడ్ వాళ్ల పట్టిక సీఎల్‌డీఆర్‌లో తెలుగుకి మామూలుగా వచ్చేవి 1, 2, 3లే. చూసుకోవాల్సింది కామాలు. రొయ్యల బిల్లు 12,34,567 అని రావాలి. 1,234,567 అని వస్తే లక్షలెన్నో తేల్చుకోడానికి పెద్దాయన వెనక నుంచి లెక్కపెట్టుకోవాలి.