కుక్కపిల్ల అరికాలికి గుర్తున్న నేల

జడ్చర్ల నుంచి బస్సులో వచ్చే ఇంటర్ విద్యార్థి ఒకడు మొన్న జువాలజీ క్లాసు అయ్యాక నా టేబుల్ దగ్గర ఆగాడు. "సార్, మా కుక్కపిల్లను అరగంట సేపు బయట తిప్పినా ఒక్క చుక్క పొయ్యదు సార్. ఇంట్లకు రాంగనే కాళ్లు తుడుచుకునే పట్టా మీద పోస్తది. కావాలనే చేస్తుందా సార్?" వాళ్లమ్మ రెండుసార్లు దాని ముక్కును ఆ తడిలో రుద్దిందట. మూడోసారి చేస్తే ఎవరికన్నా ఇచ్చెయ్యమన్నదట.

నేను ఒక్కటే అడిగాను. "మీ ఇంటికి రాకముందు అది దేని మీద పెరిగింది?"

"రైసు మిల్లుల సార్. గోనె సంచుల మీద ఈనింది దాని తల్లి."

జవాబు అక్కడే ఉంది. కాళ్లు తుడుచుకునే పట్టా ఆ పిల్ల అరికాలికి గోనె సంచే.

పుట్టిన కుక్కపిల్ల తనంతట తాను ఉచ్చ పోయలేదు. తల్లి నాలుకతో దాని కాళ్ల మధ్య నాకితేనే వస్తుంది. నాలుక తగలగానే వెన్నుపాములో మొదలై అక్కడే ముగిసే ప్రతిచర్య అది, మెదడుకు అందులో పనే లేదు. వచ్చినదాన్ని తల్లి నాకేస్తుంది కాబట్టి పడక శుభ్రంగా ఉంటుంది. మూడో వారం దాటాక పిల్ల తప్పటడుగులు వేస్తూ పడక వదిలి కాస్త పక్కకు పోయి కానిస్తుంది. ఎవరూ నేర్పకుండానే వచ్చే శుభ్రత అది. ఆ తర్వాత జరిగే పనే నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. అలా కానిచ్చిన ప్రతిసారీ అరికాలి కింద ఏముందో, ఏ వాసన ఉందో పిల్ల గుర్తుపెట్టుకుంటుంది. అమెరికాలోని బార్ హార్బర్‌లో ఐదు జాతుల కుక్కలను ఏళ్ల తరబడి పెంచి గమనించిన జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు, ఎనిమిదిన్నర వారాల వయసుకు పిల్లలు ఫలానా చోటికే పోవడం మొదలుపెడతాయని చూశారు. మనం పిల్లను ఇంటికి తెచ్చుకునేది కూడా సరిగ్గా ఆ వయసులోనే.

ఇది అర్థం కావాలంటే నాకు మా తాత గుర్తొస్తాడు. కల్వకుర్తి పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. మహబూబ్‌నగర్‌లో మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు మూడు రోజులు నానా అవస్థ పడ్డాడు. కడుపులో ఏ రోగమూ లేదు. కమోడ్ మీద కూర్చుంటే మాత్రం రాదు. అరవై ఏళ్లుగా తెల్లవారుజామున చెంబు పట్టుకుని చెలక దిక్కు నడిచిన శరీరం అది. చల్లగాలి, కాలి కింద మట్టి, గొంతుక్కూర్చోవడం, ఆ నడక, ఇవన్నీ కలిస్తేనే పేగు కదిలేది. అందులో ఒక్కటి లేకపోయినా ఆగిపోయేది. అది మొండితనం కాదు. తాత మనసు సరేనన్నా శరీరం సరేననలేదు. నాలుగో రోజు పక్కింటివాళ్ల పెరట్లో ఉన్న పాతకాలం దొడ్డి చూపించాం. తలుపు తీస్తే వేపచెట్టు, కింద గరుకు సిమెంటు. పావుగంటలో నవ్వుతూ వచ్చాడు. చెలకకు కాస్త దగ్గరగా ఉన్నదేదో దొరికింది, అంతే. నెల తిరిగేసరికి ఇంట్లో బాత్రూంకు కూడా అలవాటు పడ్డాడు, కానీ పెరటి దొడ్డి మీదుగానే. కుక్కపిల్లకూ అలాంటి మధ్య మెట్టు ఒకటి కావాలి. సిమెంటు గదిలో పెరిగిన పిల్ల టైల్స్ వెతుక్కుంటుంది. అమ్మేవాళ్ల బోనులో న్యూస్‌పేపర్ల మీద పెరిగిన పిల్ల, మీరు చదివి కింద పెట్టిన ఆదివారం పేపర్ మీదికే నడుస్తుంది.

టైం టేబుల్ సంగతి అందరికీ తెలిసిందే. నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకు, ఆట మధ్యలో బయటికి తీసుకుపోవాలి. ఆపుకునే శక్తి మాత్రం వయసును బట్టి వస్తుంది. మూత్రాశయం గోడలో డెట్రూసర్ అనే కండరం ఉంటుంది, అది ముడుచుకుంటే మూత్రం బయటికొస్తుంది. కింద ద్వారాన్ని బిగించే స్ఫింక్టర్‌కు ప్యూడెండల్ నరం ఆజ్ఞ ఇస్తుంది. గోడ సాగిందన్న కబురు వెన్నుపాము గుండా మెదడు కాండంలోని పాన్స్‌కు చేరితే, అక్కడి కేంద్రం ఈ రెండింటినీ ఒకేసారి తిప్పుతుంది, పైది ముడుచుకుని కిందిది వదులవుతుంది. "ఇప్పుడు కాదు" అని ఆ కేంద్రాన్ని ఆపాల్సింది పై మెదడు. రెండు నెలల పిల్లలో ఆ అదుపు ఇంకా కుదురుకోలేదు. ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు అని ఒక వాడుక లెక్క ఉంది. రెండు నెలల పిల్లకు మూడు గంటలు, అదీ పడుకుని ఉంటే.

ఇక ముక్కు రుద్దడం. దయచేసి మానండి. పది నిమిషాల కింద చేసిన పనికి ఇప్పుడు పడే దెబ్బను పిల్ల జతచేసుకోలేదు. మనిషీ తడీ ఒకచోట ఉంటే ప్రమాదమని మాత్రం నేర్చుకుని మంచం కింద దాక్కుని పోస్తుంది. "తప్పు చేసినట్టు మొహం పెట్టింది" అంటారు. కుక్కల ప్రవర్తనను పరిశోధించే శాస్త్రవేత్త అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో 14 కుక్కలతో దీన్ని పరీక్షించారు. తప్పు చేసినా చేయకపోయినా, యజమాని తిడితేనే ఆ మొహం ఎక్కువగా కనిపించింది. మన కోపానికి అది భయపడుతోంది. మెచ్చుకోవడానికీ ఇదే లెక్క, బయట పోసిన ఒకటి రెండు సెకన్లలో బిస్కెట్ ముక్క నోటికి అందాలి.

వాసన మిగిలితే పిల్ల మళ్లీ అక్కడికే వస్తుంది. మూత్రంలోని యూరియాను బ్యాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది. ఫినాయిల్ మన ముక్కును కప్పుతుంది గానీ దాని ముక్కును కప్పదు. ముందు పాత బట్టతో పీల్చి, సబ్బునీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. వెనిగర్ పొయ్యమని ఫోన్లలో చెబుతుంటారు, కానీ మన ఇళ్లలోని షాబాద్ బండ సున్నపురాయి. వెనిగర్ పడితే బుసబుస నురగొచ్చి నునుపు పోతుంది. బండల సందుల్లో తడి దిగుతుంది కాబట్టి పాత బ్రష్‌తో సందులు రుద్దండి. మా వీధిలో గేట్లకు ఎర్రనీళ్ల సీసాలు కడతారు, కుక్కలు రాకుండా. కుక్క కంటికి నీలం, పసుపు బాగా తెలుస్తాయి, ఎరుపు మసక గోధుమరంగులా ఉంటుంది. ఆ సీసా ముందే కాలెత్తిన కుక్కలను నేను చాలాసార్లు చూశాను.

ఆ పిల్లవాడికి చెప్పింది ఇది. ఇంట్లో పట్టా తీసెయ్. వాడిన పాత గోనె ముక్కను ప్రహరీ లోపలే మట్టి మీద పరిచి రాయి పెట్టు. వీధిలోకి ఇప్పుడే వద్దు, కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, ముందు టీకాలు పూర్తి కానివ్వు. పిల్ల గోనె మీద పోసినప్పుడు అందులో కొంచెం మట్టి చల్లు. రెండు రోజులకోసారి గోనెను బెత్తెడు కత్తిరించు.

నిన్న వచ్చి చెప్పాడు. గోనె ఇప్పుడు అరచేతంత ఉందట. పిల్ల ముందు కాళ్లు దాని మీద, వెనక కాళ్లు మట్టి మీద పెట్టి పోస్తోందట. వాళ్లమ్మ బిస్కెట్ ముక్కలు కొంగున కట్టుకుని తిరుగుతోందట.