లక్షలు పోస్తే కాలే పైకి లేపుతుందా? పెట్టుడు కాలు: అపోహలు, వాస్తవాలు

ఒంగోల్లో కృత్రిమ కాళ్ళు అమర్చి, వాటితో లేవడం, కూర్చోవడం, నడవడం నేర్పే పని నాది. వారానికి ఒకరైనా అడిగే మాట ఒకటుంది. "సార్, డబ్బులెక్కువ పెడితే కాలే పైకి లేపుద్దంట గదా?" ఎవరు చెప్పారయ్యా అంటే యూట్యూబ్‌లో చూశామంటారు, లేదంటే బావమరిది చెప్పాడంటారు.

లేపదు. మోకాలి పైన కాలు తీసేసినవాళ్ళకు మామూలుగా వేసే కీలు తలుపు మడతబందు లాంటిది. మడుచుకుంటుంది, చాపుకుంటుంది, నిలబడ్డప్పుడు జారకుండా ఆపుతుంది, అంతే. మనిషిని లేపేది తొడ కండరం, అది లాగడానికి కింద సొంత మోకాలు ఉండాలి కదా. "మరి ఖరీదైన మోకాలికి చార్జింగ్ ఎందుకు పెడుతున్నాం?" అంటారు. ఆ చార్జింగ్ లోపలి చిప్‌కి, హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) బిగింపును ఎక్కువ తక్కువ చేయడానికి. దానివల్ల కూర్చునేటప్పుడు నిజంగానే మేలుంది, కీలు దబ్బున మడుచుకోకుండా మెల్లగా దిగుతుంది కాబట్టి కొంత బరువు దానిమీద వేయొచ్చు. లేచేటప్పుడు మాత్రం దానినుంచి ఏమీ ఆశించొద్దు. మోటారుతో లేపే మోకాలు, 'పవర్ నీ' (Power Knee) అనేది, లోకంలో లేకపోలేదు, కానీ జనం నా దగ్గరికి తెచ్చే కొటేషన్లలో అది ఒక్కసారీ కనపడలేదు.

చీమకుర్తి వైపు నుంచి ఒకాయన వచ్చాడు, క్వారీలో రాయి జారి కాలు పోయింది. ఉన్న ఎకరంలో సగం అమ్మి ఎక్కడో ఖరీదైన మోకాలు వేయించుకున్నాడు, నా దగ్గరికి వచ్చేసరికి అది గోనెసంచిలో ఉంది. "లేవలేకపోతున్నా సార్, మోసం చేశారు." చూస్తే కాలు బాగానే ఉంది. నెలల తరబడి మంచంలో ఉండి ఆయన మంచి కాలే పుల్లలా అయిపోయింది, ముందు దానికి బలం రావాలన్న ముక్క అమ్మినవాళ్ళు చెప్పనే లేదు. ఆయన భార్య "ఆ అర ఎకరం ఉండుంటే..." అని ఆగిపోయింది. నాకూ ఏం చెప్పాలో తోచలేదు.

ఆయనకు నేర్పిందే మీకూ చెబుతున్నా. చేతులున్న గట్టి కుర్చీ తీసుకోండి. సీటు తక్కువైతే కింద ఇటుకలో పలకో పెట్టి ఎత్తు చేసుకోండి, సోఫా, నులక మంచం మొదట్లో అస్సలు వద్దు. అంచుకు జరిగి, మంచి కాలి పాదాన్ని కుర్చీ కిందికి లాగి, పెట్టుడు కాలిని కాస్త ముందు ఉంచండి. బోర్లా పడతానేమో అనిపించేదాకా ముందుకు వంగాలి, భయపడేవాళ్ళంతా ఇక్కడే ఆగిపోతారు, ఆ భయం నాకు తెలుసు, అందుకే మొదటి వారం పక్కన మనిషి ఉండాలంటా. వంగి, చేతులతో కుర్చీని కిందికి నొక్కి, మంచి కాలితో లేవండి. లేచాక మొండిని, అంటే మిగిలిన తొడను, సాకెట్‌లో (దాన్ని తొడిగే గిన్నెలో) వెనక్కి నొక్కితే కీలు నిటారవుతుంది. లాక్ ఉన్న మోకాలైతే టక్‌మన్న శబ్దం వినపడందే అడుగు వేయొద్దు. కూర్చునేటప్పుడు మంచి కాలి పిక్కకు సీటు తగిలేదాకా వెనక్కి రావాలి, లాక్ తీయాలి, చేతులు వెనక్కి అందించి కుర్చీని పట్టుకోవాలి, అప్పుడు దిగాలి.

మోకాలి కింద తీసేసినవాళ్ళ తప్పు దీనికి తలకిందులు, వాళ్ళు పెట్టుడు కాలిని అసలు నమ్మరు. సొంత మోకాలు ఉన్నా, "విరిగిపోద్దేమో" అని మొత్తం బరువు మంచి కాలిమీదే వేసి, కొన్నేళ్ళకు ఆ మోకాలు నొప్పని వస్తారు. విరగదమ్మా, అది మీ బరువు చూసే చేస్తాం. అలవాటైన కొద్దీ రెండు పాదాలూ ఇంచుమించు ఒకే వరసలో పెట్టి లేవండి.

వాకర్ పట్టుకుని లాక్కుంటూ లేవడం ఇంకో పిచ్చి, అది మీమీదకే ఒరుగుతుంది. కాలు పెట్టుకుంటే కింద కూర్చోలేరన్నది కూడా అందరికీ వర్తించదు. 1968 నాటి జైపూర్ పాదం చీలమండ దగ్గర వంగుతుంది, సొంత మోకాలున్నవాళ్ళు దాంతో గొంతుక్కూర్చోగలరు. మీ బావమరిది ఎవరి గురించి చెప్పాడో, వాళ్ళకు సొంత మోకాలుందా లేదా అన్నది ముందు కనుక్కోండి.

చీమకుర్తాయన ఇప్పుడు అరుగుమీద నుంచి తనే లేస్తున్నాడు. నులక మంచం దగ్గర మాత్రం ఇంకా భార్య చెయ్యి అందించాల్సిందే.