పప్పు పంటల్లో కాయతొలుచు పురుగులు: అపోహలు - వాస్తవాలు

కంది, శనగ, పెసర, మినుము చేలల్లో పురుగుల నిఘా నా పని. ఎక్కడికి వెళ్లినా ముందు అడిగేది "ఏ మందు కొట్టాలి?" అనే. ఏ పురుగు, ఏ వయసులో ఉంది అని చూడకుండా దానికి జవాబు చెప్పలేను. ఎక్కువగా వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నా.

"రెక్కల పురుగులే కాయల్ని తినేస్తున్నాయి."
కాదు. వాటికి ఉన్నది తేనె పీల్చే గొట్టం, నమిలే దవడలు లేవు. తినేదంతా వాటి పిల్లలే. కానీ ఈ కాయతొలుచు పురుగుల్లో ఒకటైన శనగపచ్చ పురుగు తల్లి ఒక్కటే వందల గుడ్లు, ఒక్కోసారి వెయ్యికి పైగా, మొగ్గల మీదా లేత ఆకుల మీదా ఒక్కొక్కటిగా పెడుతుంది, అవి 3-5 రోజుల్లో పొదుగుతాయి. అందుకే రెక్కల పురుగులు పెరిగాయంటే ఆ వారమంతా మొగ్గలు తిప్పి చూడాల్సిందే.

"లింగాకర్షక బుట్టలు పెట్టాం, ఇక భయం లేదు."
ఆడ పురుగు వాసనను ఎరగా పెట్టే ఈ బుట్టల్లో పడేవి మగ పురుగులే. ఎక్కడో జతకట్టి వచ్చిన ఆడ పురుగు మీ చేలో గుడ్లు పెట్టకుండా అవి ఆపలేవు. బుట్ట పని హెచ్చరించడం వరకే. పైగా శనగపచ్చ పురుగు ఎరకు మారుకా అనే మరో కాయతొలుచు పురుగు రాదు, దాని ఎర వేరు.

"పచ్చగా ఉంటే ఒక పురుగు, గోధుమ రంగైతే ఇంకోటి."
శనగపచ్చ పురుగే పచ్చగా, గోధుమ రంగులో, గులాబీ రంగులో, నల్లగా కూడా ఉంటుంది. రంగు వదిలేసి తినే తీరు చూడండి. ఇది తల కాయలోకి దూర్చి, ఒళ్లు బయట పెట్టి తింటుంది, గుండ్రటి రంధ్రం మిగులుతుంది. ఒంటి మీద నల్ల మచ్చలుండే మారుకా మాత్రం పూలు, మొగ్గలు, ఆకులు కలిపి గూడు అల్లి లోపల కూర్చుంటుంది. గూడు కట్టాక మందు దాని దాకా చేరడం కష్టం, కాబట్టి మొగ్గ దశలోనే కనిపెట్టాలి.

"చావలేదంటే మందు కల్తీ, లేదా డోసు చాల్లేదు."
నేను ఎక్కువగా వాదించేది దీని మీదే. కల్తీ ఉండొచ్చు, కాదనను. కానీ శనగపచ్చ పురుగు పైరిత్రాయిడ్లు అనే మందుల గ్రూపుతో సహా చాలా మందులకు నిరోధకత తెచ్చుకుంది, అదీకాక బాగా ఎదిగిన పురుగు పిల్ల పురుగంత తేలిగ్గా చావదు. డోసు పెంచితే లొంగే పురుగులు పోయి మొండివి మిగిలి, వాటి సంతానమే తర్వాత వస్తుంది, మధ్యలో మేలు చేసే కందిరీగలు, సాలీళ్లు కూడా పోతాయి. బ్రాండు మార్చినా లాభం లేదు, పేర్లు వేరైనా లోపలి మందు ఒకే గ్రూపుది, అంటే ఒకే తీరులో చంపేది కావచ్చు. మార్చాల్సింది గ్రూపు.

"ట్రైకోగ్రామా కార్డులు ఏ పంటలోనైనా పనిచేస్తాయి."
శనగ ఆకుల మీద ఊరే పులుపు, కంది కాయల మీది జిగురు నూగు ఈ కార్డుల నుంచి వచ్చే, పురుగు గుడ్లలో తమ గుడ్లు పెట్టే చిన్న కందిరీగలకు పడవు. అందుకే ఈ రెండింటిలో గుడ్లను అవి పెద్దగా పట్టలేవు. శనగలో పిల్ల పురుగుల్ని పట్టే కాంపోలెటిస్ కందిరీగ సహజంగానే ఉంటుంది, విషం కొట్టి దాన్ని పోగొట్టుకోకండి.

"ఎన్‌పీవీ కొట్టినా మర్నాటికి పురుగు బతికే ఉంది."
ఉంటుంది. ఎన్‌పీవీ అంటే పురుగుకు జబ్బు తెచ్చే వైరస్, దాన్ని పురుగు తినాలి, లోపల పెరగాలి, చావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఎండకు పాడైపోతుంది కాబట్టి సాయంత్రం, పురుగు చిన్నగా ఉన్నప్పుడే కొట్టాలి.

"నిల్వ గింజల్లో రంధ్రాలు కూడా కాయతొలుచు పురుగు వల్లే."
అది వేరే జాతి, పెంకు పురుగు. చేలో ఎండుతున్న కాయల మీదే గుడ్లు పెట్టి గింజతో పాటు నిల్వలోకి వస్తుంది, అక్కడే మళ్లీ మళ్లీ పెరుగుతుంది.