గుండె ఆగినా ప్రాణం ఆగదు: హార్ట్-లంగ్ మెషిన్‌పై అపోహలు - వాస్తవాలు

నేను పెర్ఫ్యూజనిస్ట్‌ని. ఓపెన్ హార్ట్ ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని కాసేపు చేసిపెట్టే హార్ట్-లంగ్ మెషిన్‌ను నడిపేది మేమే. ముందు రోజు ఎత్తు, బరువు రాసుకోవడానికి పేషెంట్ దగ్గరికి వెళ్తాను. తిరిగి వస్తుంటే ఇంట్లోవాళ్లు వెనకే వచ్చి, పేషెంట్‌కు వినపడకుండా అడిగే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి.

అపోహ: గుండె ఆపేస్తారంటే మనిషి కాసేపు చనిపోయినట్టే.

కాదు. కుట్లు వేయడానికి కదలకుండా ఉండాలని, పొటాషియం కలిసిన కార్డియోప్లీజియా ద్రావణంతో గుండెను మాత్రమే నిద్రపుచ్చుతారు. మిగతా ఒళ్లంతా బతికే ఉంటుంది. నా ఎదురుగా రెండు గొట్టాలుంటాయి. ఒకదాంట్లో శరీరం నుంచి నల్లెరుపు రక్తం వస్తుంది. రక్తానికి ఆక్సిజన్ పట్టించే ఆక్సిజనేటర్ దాటాక రెండో గొట్టంలో మంకెనపువ్వులా ఎర్రగా తిరిగి వెళ్తుంది. ఇన్నేళ్లయినా ఆ రంగు మారడం చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ 18 ఏళ్ల అమ్మాయికి చేసిన ఆపరేషన్‌లో మెషిన్ 26 నిమిషాల పాటు గుండె, ఊపిరితిత్తుల పని పూర్తిగా తన మీద వేసుకుంది. ఈ దారి తెరుచుకుంది అక్కడే.

అపోహ: స్విచ్ వేస్తే మెషిన్ దానంతటదే నడుస్తుంది.

రక్తం గొట్టాల్లో గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే ఏసీటీ పరీక్ష సాధారణంగా 480 సెకన్లు దాటితేగానీ పంప్ మీదికి వెళ్లం. ఆ తర్వాత, శరీరం నుంచి వచ్చిన రక్తం చేరే తొట్టి, అంటే రిజర్వాయర్‌లో రక్తం మట్టం మీంచి చూపు తిప్పడానికి లేదు. కరెంటు పోయి, బ్యాకప్ కూడా పనిచేయకపోతే పంప్‌ను చేత్తో తిప్పడానికి హ్యాండిల్ పక్కనే ఉంటుంది.

అపోహ: బీపీ బాగుంది, పంప్ తిరుగుతోంది, ఇక కిడ్నీలకేం కాదు.

ఇది బయటివాళ్ల అపోహే కాదు, చాలాకాలం మా వృత్తిలోనూ ఉన్న ధీమా. అసలు లెక్క ఆక్సిజన్‌ది. పెద్దవాళ్లకైతే మెషిన్ గొట్టాల్లో ముందే సుమారు లీటరు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ద్రవం నింపుతాం. అది కలిసి రక్తం పలచబడుతుంది, ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ పడిపోతుంది. శరీర ఉపరితలంలో ప్రతి చదరపు మీటరుకూ నిమిషానికి 2.4 లీటర్ల రక్తం పంపుతున్నాననుకోండి. హిమోగ్లోబిన్ 9 ఉంటే ఆ చదరపు మీటరుకు నిమిషానికి దాదాపు 300 మిల్లీలీటర్ల ఆక్సిజన్ అందుతుంది. అదే 7.5కి పడితే 255 దగ్గరే ఆగిపోతుంది. బీపీ మానిటర్ చూస్తే ఈ తేడా తెలియదు, పంప్ శబ్దమూ మారదు. రక్తంలో ఆక్సిజన్, హిమోగ్లోబిన్ ఎంతున్నాయో చెప్పే బ్లడ్ గ్యాస్ పరీక్ష చీటీ చేతికొచ్చాక లెక్క వేస్తేనే బయటపడుతుంది. అప్పుడు ఫ్లోను, అంటే పంపే రక్తాన్ని, 2.4 లీటర్ల నుంచి 2.6 దాటించాలి. ముందు రోజు ఎత్తు, బరువు అంత పట్టుబట్టి అడిగేది ఈ లెక్క కోసమే.

ఇటలీకి చెందిన మార్కో రనుచ్చి బృందం 2005లోనే ఈ ఆక్సిజన్ అంకె 272 కంటే తగ్గితే కిడ్నీలకు ముప్పు పెరుగుతోందని చూపించింది. 2018లో వచ్చిన గిఫ్ట్ ట్రయల్‌లో (పేషెంట్లను రెండు గుంపులుగా చేసి పోల్చే అధ్యయనంలో) దాన్ని 280 లేదా ఆపైన ఉంచితే, తొలి దశ కిడ్నీ దెబ్బ తగ్గింది. తీవ్రమైన దశల్లో మాత్రం తేడా కనబడలేదు. అయినా నా మట్టుకు ఈ అంకె చూడకుండా పంప్ నడపడం ఇప్పుడు తప్పే. 2024లో ప్రొటెక్షన్ ట్రయల్ మరో దారి చూపింది. 3,511 మందిని పరిశీలిస్తే, సెలైన్‌లా ఎక్కించే అమైనో ఆమ్లాలు అందుకున్నవాళ్లలో కిడ్నీ దెబ్బ 26.9 శాతం, మిగతావాళ్లలో 31.7 శాతం. డయాలసిస్ అవసరంలో, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అపోహ: ఎంత రక్తం ఎక్కిస్తే అంత మంచిది.

2017 నాటి ట్రిక్స్-3 ట్రయల్‌లో కొందరికి హిమోగ్లోబిన్ 7.5 కంటే తగ్గితేనే రక్తం ఇచ్చారు, మిగతావాళ్లకు ఐసీయూలో 9.5 కంటే తగ్గగానే ఇచ్చారు. తక్కువ ఇచ్చినవాళ్ల ఫలితాలు ఏమీ తీసిపోలేదు. అందుకే పొట్టి గొట్టాలు వాడి పలచబడటం తగ్గిస్తాం, కారిన రక్తాన్ని సెల్ సేవర్‌లో కడిగి ఆ మనిషికే తిరిగి ఇస్తాం. అలాగని అందరికీ ఒకే గీత కాదు, మనిషిని బట్టి డాక్టర్లు నిర్ణయిస్తారు.

అపోహ: మెషిన్ ఎక్కితే మతిమరుపు వస్తుంది, బైపాస్ ఆపరేషన్ కొట్టుకుంటున్న గుండె మీద చేస్తేనే మేలు.

ఈ భయం పోగొట్టడం కష్టం, ఎందుకంటే ఆపరేషన్ తర్వాత కొందరు నిజంగానే తికమక పడతారు. కానీ నెదర్లాండ్స్‌లోని ఆక్టోపస్ అధ్యయనంలో మెషిన్ వాడినవాళ్లకూ వాడనివాళ్లకూ ఐదేళ్ల తర్వాత ఆలోచనాశక్తిలో తేడా కనబడలేదు. 4,752 మందితో చేసిన కరోనరీ ట్రయల్‌లోనూ ఐదేళ్లకు ఫలితాలు సమానమే. రూబీ ట్రయల్‌లోనైతే ఐదేళ్లకు మెషిన్ లేకుండా చేసినవాళ్లలో 15.2 శాతం, మెషిన్ మీద చేసినవాళ్లలో 11.9 శాతం మంది చనిపోయారు. ఏ పద్ధతి అన్నది రక్తనాళాల స్థితినీ, సర్జన్ అనుభవాన్నీ బట్టి తేలాల్సిన విషయం.

మెదడు కోసం మేం చూసుకునేది ఇంకోటి ఉంది. చల్లబరిచిన రక్తాన్ని తిరిగి వేడి చేసేటప్పుడు తొందరపడం, వెళ్లే రక్తం 37 డిగ్రీలు దాటనివ్వం. ఐసీయూలో మీ వంతు కూడా ఉంటుంది. పేషెంట్ మీ నాన్నగారైతే, ఆయన కళ్లజోడు, వినికిడి మిషన్ నర్సుకు ఇచ్చి పెట్టించండి. కళ్లు తెరవగానే ఈరోజు ఏ వారమో, ఆయన ఎక్కడున్నారో, పక్కనున్నది ఎవరో నెమ్మదిగా చెప్పండి.