వెబ్ సర్వీసుల జత కుదర్చడం ఎందుకంత తలనొప్పి అయింది?

వెబ్ సర్వీసంటే ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ నెట్ మీద మరో కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు చేసిపెట్టే పని. 2000 సెప్టెంబరులో ఐబీఎం, మైక్రోసాఫ్ట్, అరిబా కలిసి అలాంటి సర్వీసుల చిరునామా పుస్తకం లాంటి రిజిస్ట్రీ యూడీడీఐని ప్రకటించాయి. ఊహ పెద్దదే: ప్రతి కంపెనీ తన వెబ్ సర్వీసు వివరాలు ఆ రిజిస్ట్రీలో పెడుతుంది, అవతలి కంపెనీ సాఫ్ట్‌వేర్ తనంతట తానే వెతుక్కుని, మనిషి చెయ్యి పడకుండా వ్యాపారం మొదలుపెట్టేస్తుంది. 2006 జనవరికల్లా ఆ పబ్లిక్ రిజిస్ట్రీ మూతపడింది.

ముక్కూ మొహం తెలియని కంపెనీతో డబ్బు వ్యవహారం ఎవరు పెట్టుకుంటారన్నది ఒక కారణం. కానీ సరైన సర్వీసు దొరికినా పని జరుగుతుందన్న గ్యారంటీ అందులో లేదు, నా లెక్కలో అసలు లోటు అదే. సర్వీసు వివరాలు రాయడానికి 2001లో వచ్చిన డబ్ల్యూఎస్‌డీఎల్ 1.1 అనే భాష, ఆ సర్వీసు ఏ మెసేజ్ తీసుకుంటుందో, ఏది తిరిగి ఇస్తుందో చెప్తుంది. ఏది ముందు, ఏది వెనక అన్నది చెప్పదు.

కొనేవాడి సిస్టమ్ ఆర్డర్ పంపి, సరుకు అందాక డబ్బు కడుతుంది అనుకోండి. అమ్మేవాడి సిస్టమ్ డబ్బు పడ్డాకే సరుకు పంపుతుంది. రెండింట్లోనూ ఉన్నవి అవే మూడు మెసేజ్‌లు, పేర్లూ అవే, కాబట్టి రిజిస్ట్రీ నిక్షేపంగా జత కలిపేస్తుంది. తీరా ఆర్డర్ వెళ్లాక నువ్వు ముందంటే నువ్వు ముందని రెండూ ఎదురుచూస్తూ కూర్చుంటాయి.

ఈ మెసేజ్‌ల వరసను రాసుకోవడానికి 2002లో బీపెల్ అనే భాష వచ్చింది, దాని 2.0 వెర్షన్ 2007లో ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ప్రమాణమైంది. దీని వెనక ఉన్న సిద్ధాంతం ఇంకా పాతది. ఏ పని తర్వాత ఏది జరగాలో బొమ్మగా గీసి చూపే పెట్రీ నెట్‌లకు మూలమైన థీసిస్‌తో కార్ల్ ఆడమ్ పెట్రీ జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో డాక్టరేట్ అందుకున్నది 1962లో. చిత్రంగా, 2004 ప్రాంతంలో సర్వీసుల ప్రవర్తన చూసి జత కలిపే పనిని గట్టిగా పట్టుకున్న వొంబాకర్, మహ్లెకో, ఫాన్‌కౌజర్‌ల బృందం కూడా ఆ ఊరిదే.

వాళ్లు ప్రతి సర్వీసునూ ఒక ఫైనైట్ స్టేట్ ఆటోమేటాగా, అంటే ఒక్కో మెసేజ్‌తో ఒక స్టేట్ (దశ) నుంచి ఇంకో స్టేట్‌కు మారే బొమ్మగా రాశారు. రెండింటికీ ఉమ్మడిగా ఒక్క దారి ఉంటే చాలదన్నారు, ఇక్కడే అసలు కిటుకు ఉంది. అమ్మేవాడు "సరుకు ఉంది" అనొచ్చు, "లేదు" అనొచ్చు. ఆ నిర్ణయం అతని చేతిలో ఉంది కాబట్టి కొనేవాడి సిస్టమ్ రెండు జవాబులకూ సిద్ధంగా ఉండాల్సిందే, "ఉంది"కి మాత్రమే సిద్ధమైతే సరుకు అయిపోయిన రోజున ఇరుక్కుపోతుంది. అందుకే ఏ మెసేజ్‌లు తప్పనిసరో ప్రతి స్టేట్ దగ్గరా గుర్తు పెట్టారు.

సరే, సరైన జవాబు వచ్చింది, స్పీడు ఎక్కణ్నుంచి వస్తుంది? 20 స్టేట్లున్న ప్రాసెస్‌ను 30 స్టేట్లున్నదానితో పోలిస్తే 600 జంటల దాకా చూడాలి, అదీ రిజిస్ట్రీలోని ప్రతి సర్వీసుతో. లూప్ ఉంటే మెసేజ్‌ల వరసలకు అంతూ పొంతూ ఉండదు కనుక మామూలు డేటాబేస్ ఇండెక్స్‌లో నేరుగా పెట్టనూ లేం. వీళ్ల ఉపాయం ఎన్-గ్రామ్‌లు: పొడుగు వరసను రెండేసి, మూడేసి మెసేజ్‌ల ముక్కలుగా కోసి ఆ ముక్కలకు ఇండెక్స్ కట్టడం. ముందు దాంతో వడపోసి, మిగిలిన కొన్నిటినే పూర్తిగా పోలుస్తారు. జల్లెడలో తప్పుడు జత ఒకటీ అరా మిగిలినా పర్లేదు, సరైనది జారిపోకూడదు.

పరిశ్రమ మాత్రం ఈ దారి పెద్దగా పట్టలేదు. మన దేశపు ఆన్‌లైన్ వ్యాపార నెట్‌వర్క్ ఓఎన్‌డీసీ వాడే బెక్న్ ప్రోటోకాల్‌నే చూడండి: సెర్చ్, సెలెక్ట్, ఇనిట్, కన్ఫర్మ్ అంటూ ఆర్డర్ నడిచే మెట్లు అందరికీ ముందే ఖాయం. అందులో చేరాలంటే మీ సిస్టమే దానికి తగ్గట్టు మారాలి.