పల్లె దారుల్లో బైకు: అపోహలు, వాస్తవాలు

ఆదివారం తెల్లవారగానే రాజమండ్రిలో బయల్దేరి, ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక నుంచి హైవే జోలికి పోకుండా కాలవ గట్టు పట్టుకుని ఆత్రేయపురం, లొల్ల లాకుల మీదుగా కోనసీమలోకి దిగడం నా వ్యాపకం. రైడ్లు కొత్తగా మొదలుపెట్టిన నలుగురైదుగురిని వెంటబెట్టుకుని వెళ్తుంటాను. స్పీడోమీటరు ముల్లు 40 దగ్గర ఆడుతుంటుంది. టీ కొట్టు కనిపిస్తే ఆగుతాం. వచ్చేవాళ్లు ముందురోజు రాత్రి ఫోన్ చేసి చెప్పే ధీమా మాటలు వింటే నాకర్థమైంది ఒకటే: చాలామంది దృష్టిలో పల్లె రోడ్డంటే ట్రాఫిక్ లేని సిటీ రోడ్డు. నిజానికి అది ఊరివాళ్లు పని చేసుకునే చోటు. ఆ పని మధ్యలోంచి మనం పోతున్నాం. ఈ ముక్క బుర్రకెక్కితే కింద రాసినవాటిలో సగం చదవక్కర్లేదు.

అపోహ: ఇలాంటి రైడ్లకు బుల్లెట్టో, అడ్వెంచర్ బండో ఉండాలి. స్ప్లెండర్ మీద పోతే పరువు తక్కువ.

పరువు సంగతి తర్వాత, ముందు బరువు సంగతి చూద్దాం. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. స్ప్లెండర్ ప్లస్ 112 కిలోలు. మంచి తారు రోడ్డు మీద ఈ తేడా తెలియదు. సన్నటి గట్టు మీద అర కిలోమీటరు పోయాక, ఎదురుగా తూము కోసం అడ్డంగా తవ్వేసి ఉందనుకోండి. ఒక పక్క కాలవ, ఇంకో పక్క వరిచేను. బండిని చేత్తో ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ తిప్పుకోవాలి. అప్పుడు తెలుస్తుంది మీ నడుముకి, 83 కిలోలంటే ఏమిటో.

ఇంకోటి రిపేరు. స్ప్లెండర్ క్లచ్ వైరు, ప్లగ్గు, ట్యూబు చిన్న ఊళ్లో మెకానిక్ దగ్గర కూడా దొరుకుతాయి. పెద్ద బండి స్పేర్ కోసం అమలాపురం పోవాలి, ఒక్కోసారి కాకినాడ దాకా పోవాలి. అలాగని 100 సీసీ అన్నిటికీ సరిపోతుందని అనను. వెనక మనిషి, సామానుతో మారేడుమిల్లి ఘాట్ ఎక్కాలంటే అది ఆయాసపడుతుంది, సెకండ్ గేర్లో ఈడ్చుకుంటూ పోవాలి. డెల్టాలో ఆ బాధ లేదు, నేలంతా చదునే. బుల్లెట్ ఉంటే దాని మీదే రండి. లేదని మాత్రం అప్పు చేసి కొనకండి.

అపోహ: నెమ్మదిగా పోతున్నాం కదా, హెల్మెట్ దేనికి?

గట్టెక్కగానే హెల్మెట్ తీసి మోచేతికి తగిలించుకునేవాళ్లు ప్రతి గుంపులోనూ ఒకరు ఉంటారు. ఇక్కడ పోలీసులు లేరుగా అంటారు. ఒక లెక్క చెప్తాను. బండి మీద కూర్చున్నప్పుడు మన తల నేల నుంచి సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తు నుంచి అడ్డూ ఆపూ లేకుండా పడిన తల నేలకి తగిలే వేగం గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. ఇది బండి ఆగి ఉన్నప్పటి లెక్క. కింద కల్వర్టు సిమెంటు అంచు ఉంటే ఆ 20 చాలు.

మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌లో పల్లె రోడ్లకు మినహాయింపేమీ లేదు. వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ ఉండాలి. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర ఐఎస్ 4151 అన్న నంబరు చూడండి, స్ట్రాప్ పెట్టుకోండి. నల్ల వైజర్ వద్దు. సాయంత్రం కాలవల పక్కన పురుగులు కళ్లలో పడతాయి కాబట్టి వైజర్ దించక తప్పదు, నల్లది దించితే దారి కనిపించదు.

అపోహ: పల్లె రోడ్లు ఖాళీగా ఉంటాయి.

వాహనాలు తక్కువ, ఒప్పుకుంటాను. రోడ్డు మాత్రం ఖాళీగా ఉండదు. డెల్టాలో ఏ నెలలో రోడ్డు మీద ఏముంటుందో క్యాలెండర్ చూసి చెప్పొచ్చు.

సార్వా, అంటే వానాకాలం పంట, నాట్లకు ముందు, వానలు మొదలయ్యాక, పొలాల్లో దమ్ము (నీళ్లు పెట్టి నేలని బురదగా దున్నడం) సాగుతుంటుంది. ట్రాక్టరు ఒక చేలోంచి ఇంకో చేలోకి పోవడానికి ఇనుప దమ్ము చక్రాలతోనే రోడ్డెక్కేస్తుంది. అలా తిప్పకూడదని అధికారులు చెబుతూనే ఉంటారు. మాటిమాటికీ చక్రాలు విప్పి బిగించే ఓపిక ఎవరికుంటుంది? ఆ చక్రాలు తారు మీద గాట్లు పెడతాయి, వాటికి పట్టిన బురద ముద్దలుగా రాలుతుంది. ఎండకి ఎండితే అది ఉత్త మట్టిగడ్డే, ఎక్కితే బండి ఎగిరిపడుతుంది, అంతకు మించి ఏం కాదు. నాలుగు చినుకులు పడ్డాయా, ఆ ఒండ్రు తారంతా సబ్బు రాసినట్టు పరుచుకుంటుంది. అక్కడ బ్రేకు పట్టారంటే బండి ఒక పక్క, మీరు ఒక పక్క. బురద కంటపడగానే, ఇంకా దాని మీదికి పోకముందే గేరు తగ్గించి, వేగం తగ్గించి, హ్యాండిల్ తిన్నగా పట్టుకుని మెల్లగా దాటేయాలి. దాటేదాకా బ్రేకు వద్దు, పక్కకి కోయడం వద్దు, వెనకవాళ్లతో కబుర్లు వద్దు.

కోతల సీజన్‌లో, అంటే సార్వాకి నవంబరు, డిసెంబరు, దాళ్వాకి (రెండో పంటకి) ఏప్రిల్, మే నెలల్లో, రోడ్డే కళ్లం. సగం రోడ్డు మీద ధాన్యం పలచగా ఆరబోసి, అంచు తెలియడానికి రాళ్లు పేరుస్తారు. రోడ్డు మీద ఇదేం పని అని విసుక్కునేవాళ్లకి ఒక మాట: ప్రభుత్వ కొనుగోలుకి ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. వాన మబ్బు పట్టేలోగా ఆ తేమ దించుకోవాలి, ఆరబెట్టడానికి ఆ తారు కంటే వేడెక్కే నేల ఊళ్లో ఇంకోటి లేదు. మనం సరదాకి వచ్చాం, రైతు పంట అమ్ముకోవడానికి కూర్చున్నాడు. కాబట్టి దారి ఎవరిదన్న వాదన పెట్టుకోకుండా, మిగిలిన సగంలో ఎదురు బండి వస్తుంటే ఆగి దారివ్వండి. గింజల మీద నుంచి పోనివ్వకండి. వాళ్ల గింజ చితుకుతుంది, మీ టైరు కింద దొర్లి బండి జారుతుంది.

అసలు గండం రాళ్లతో. ధాన్యం ఎత్తేశాక కూడా రాళ్లు చాలాచోట్ల అక్కడే ఉండిపోతాయి. సాయంత్రానికి ధాన్యం రాశి పోసి, బరకం కప్పి, గాలికి లేవకుండా చుట్టూ బరువులు పెడతారు. పగలు అది వంద మీటర్ల నుంచి కనిపిస్తుంది. చీకటి పడ్డాక నల్ల బరకం, నల్ల తారు, ఏది ఏదో తెలియదు.

గేదెల విషయానికొద్దాం. మంద కనిపించగానే హారన్ మోగించడం మనవాళ్ల అలవాటు. గేదెకి హారన్ అంటే లెక్కే లేదు, బెదిరేది దూడే. తల్లి రోడ్డుకి ఒక పక్క, దూడ ఇంకో పక్క ఉంటే వాటి మధ్యలోంచి దూరిపోవాలని చూడకండి. దూడ తల్లి కోసం పరుగెత్తేది సరిగ్గా మీరు మధ్యలోకొచ్చాకే. ఆపి, అవి కలిసేదాకా ఆగండి. రోడ్డు దాటుతున్న గేదెని తోక వైపు నుంచే తప్పించుకోవాలి, ముందు నుంచి పోతే అది కూడా ముందుకే అడుగేస్తుంది. కుక్క వెంటపడితే కాలు విసరొద్దు, దాన్ని చూస్తూ నడపొద్దు. కళ్లు దారి మీద ఉంచి తిన్నగా పోతే దాని వీధి దాటగానే అదే ఆగిపోతుంది.

అపోహ: ముందు బ్రేకు ముట్టుకుంటే బోర్లా పడతాం.

బ్రేకు పడగానే బరువు ముందు చక్రం మీదికి వాలుతుంది. అందుకే పొడి తారు మీద బండిని ఆపేదాంట్లో పెద్ద వాటా ముందు బ్రేకుదే. మొదట మెల్లగా నొక్కి, ఆపైన బిగించాలి, వెనకదీ కలపాలి. ఇసుక, కంకర, బురద మీదా, మలుపులో బండి ఒరిగి ఉన్నప్పుడూ గబుక్కున పట్టుకుంటే మాత్రం పడిపోతారు, ఈ అపోహ పుట్టింది అలా పడినవాళ్ల నుంచే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్లకు ఏబీఎస్, అంతకు లోపు వాటికి కనీసం సీబీఎస్ ఉండాలని నిబంధన. సీబీఎస్ అంటే ఒక బ్రేకు వేస్తే రెండోది కూడా కొంత పడుతుంది. చక్రం బిగుసుకుపోకుండా చూసేది ఏబీఎస్ మాత్రమే. చాలామంది రెండూ ఒకటే అనుకుంటున్నారు.

అపోహ: ఎండాకాలం రాత్రి రైడే హాయి.

చల్లగా ఉంటుంది, అంతవరకు నిజం. 60లో పోతున్న బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా వచ్చేవాడు హైబీమ్ కొడితే రెండు సెకన్లు ఏమీ కనిపించదు. ఆ 34 మీటర్లలో వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కు ఉండొచ్చు, గడ్డి మోపు వేలాడుతున్న ట్రాలీ ఉండొచ్చు, పైన చెప్పిన బరకమూ ఉండొచ్చు. నేను మాత్రం చీకటి పడ్డాక పల్లె రోడ్డు మీద ఉండను, నాతో వచ్చేవాళ్లనీ ఉండనివ్వను. అడవి దారుల్లో అయితే అసలు వెళ్లనివ్వరు కూడా: నల్లమలలో శ్రీశైలం రోడ్డుని పులుల అభయారణ్యం కోసం రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు.

చల్లదనం కావాలంటే వేసవిలో తెల్లవారుజామున బయల్దేరి పదిలోపు ఇంటికి చేరండి. చలికాలంలో ఇది తిరగబడుతుంది. కాలవల మీద మంచు దట్టంగా ఉంటుంది కాబట్టి ఏడున్నర దాటాకే బండి తీయడం మంచిది.

అపోహ: ఫోన్లో మ్యాప్ ఉంటే చాలు.

మ్యాప్ గీతలో తారు రోడ్డూ ఒకటే, ట్రాక్టరు చాళ్లు పడిన మట్టి గట్టూ ఒకటే. కోనసీమలో ఇంకో చిక్కు రేవులు. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి, సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు మీద బండి ఎక్కించి గోదావరి దాటొచ్చు. ఎంత బాగుంటుందో చెప్పలేను. కానీ వరదొస్తే పంటు ఆపేస్తారు, ఆ సంగతి మ్యాప్‌కి తెలియదు. రేవు దాకా వెళ్లి తెలుసుకుంటే, తిరిగి చుట్టు తిరిగి పోవడానికి సగం రోజు పోతుంది. ముందు ఊళ్లో టీ కొట్టు దగ్గరే "పంటు నడుస్తుందాండి?" అని అడిగేయండి.

దారి అడగడానికీ ఒక పద్ధతుంది. "ఎంత దూరమండి?" అంటే "ఎంతో లేదండి, ఇక్కడే" అంటారు, అది రెండు కిలోమీటర్లు కావచ్చు, పన్నెండు కావచ్చు. "రోడ్డు బాగుందాండి?" అంటే "బాగానే ఉంటుందండి" అంటారు, వాళ్లకి రోజూ అలవాటైన రోడ్డు మరి. నేను అడిగేది: "ఆ దారిన స్కూలు బస్సు వస్తుందాండి?" వస్తుందంటే ఇక ఏమీ ఆలోచించక్కర్లేదు. బస్సు రాదు, ఆటో వెళ్తుందంటే మెల్లగా పోవచ్చు. "బండి వెళ్తుంది గానీ..." అని సాగదీశారంటే ఇంజిన్ ఆపి, ఆ మిగతా ముక్క విని కదలండి.

రంపచోడవరం వైపు ఏజెన్సీలో వానాకాలం వెళ్తే చప్టాల మీద నీళ్లు పారుతుంటాయి. నీళ్ల కింద చప్టా తెగిందో లేదో ఒడ్డు మీద నుంచి తెలియదు. ఊరివాళ్లే ఆగిపోయి నిలబడి ఉంటే మీరూ నిలబడండి.

మ్యాప్‌కి సంబంధం లేకపోయినా చెప్పాల్సింది ఒకటుంది. గట్టు అంచున సైడ్ స్టాండ్ వేసి ఫొటోలకు పోకండి. తడి మట్టిలో స్టాండు దిగిపోయి బండి కాలవలో పడుతుంది. స్టాండు కింద చదునైన రాయో, చిన్న చెక్కో పెట్టండి.

అపోహ: పెట్రోల్ రిజర్వ్‌లో పడ్డాక కూడా చాలా దూరం లాగించొచ్చు.

పాత కార్బ్యురేటర్ బళ్ల నాటి మాట ఇది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక దాదాపు అన్నీ ఇంజెక్షన్ బళ్లే, తిప్పుకోవడానికి రిజర్వ్ నాబ్ ఉండదు. పెట్రోల్ పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది పెట్రోలే. తరచూ ఖాళీ ట్యాంకుతో నడిపితే పంపు వేడెక్కి పాడవుతుంది, అది తడవకి మార్చే చవక సామాను కాదు. సగానికి వచ్చినప్పుడు బంకు కనిపిస్తే కొట్టించేయండి.

అపోహ: గుంపుగా, సౌండుగా పోతేనే రైడు.

ఐదు బళ్లు దాటితే నేను రెండు జట్లుగా విడగొడతాను, మధ్య పది నిమిషాల తేడా పెడతాను. పదిహేను బళ్లు ఒక్కసారి టీ కొట్టు ముందు ఆగితే, అక్కడ రోజూ కూర్చునే పెద్దాయనకి బల్ల దొరకదు. సైలెన్సర్ మార్చిన బండి వస్తానంటే రావద్దనే చెప్తాను. నాట్లు వేస్తున్న ఆడవాళ్లను అడగకుండా ఫొటో తీసేవాళ్లకీ అదే మాట.

అపోహ: దారిలో యాక్సిడెంట్ చూసి ఆగితే కేసుల్లో ఇరుక్కుంటాం.

ఈ భయంతో చూసీ చూడనట్టు పోయేవాళ్లు ఇంకా ఉన్నారు. హైవే మీద మీరు ఆగకపోతే వెనకవాళ్లెవరైనా ఆగుతారు. పల్లె రోడ్డు మీద వెనక ఎవరూ ఉండకపోవచ్చు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 134ఏ సెక్షన్ చేర్చారు. సదుద్దేశంతో సాయం చేసినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ బాధ్యత పెట్టకూడదని అందులో ఉంది. మీ పేరు, అడ్రసు చెప్పి తీరాలని కూడా బలవంతం చేయకూడదు.

పడిన మనిషి ఊపిరి తీసుకుంటుంటే హెల్మెట్ లాగేయకండి, లేపి కూర్చోబెట్టకండి, నీళ్లు తాగించకండి. ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఒకరు ముందు మలుపులో, ఇంకొకరు వెనక మలుపులో ఇండికేటర్లు వేసిన బండితో నిలబడాలి. అంబులెన్స్‌వాళ్లకి "కాలవ గట్టు మీద" అంటే ఏమీ అర్థం కాదు, ఆ జిల్లాలో గట్లన్నీ కాలవలవే. దగ్గర్లో ఉన్న ఊరి పేరు, మండలం, లాకు గానీ వంతెన గానీ ఏది దాటి వచ్చారో చెప్పండి. పక్కన కరెంటు స్తంభం ఉంటే దాని మీద నంబరేమైనా రాసి ఉందేమో చూసి అదీ చెప్పండి.