ఆరు నెలల గడువు: పోయి మళ్లీ వచ్చిన ఒక నిబంధన కథ

రోడ్డు ప్రమాదంలో గాయపడినవారు గానీ, చనిపోయినవారి వారసులు గానీ ఎదుటి వాహనం బీమా నుంచి పరిహారం కోరాలంటే, ప్రమాదం జరిగిన నాటినుంచి ఆరు నెలల్లోగా, ఇలాంటి పరిహారాలు తేల్చే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేసి తీరాలన్న నిబంధన మీద వివాదం మళ్లీ రాజుకుంది. ఆ నిబంధన రాజ్యాంగబద్ధతను ప్రశ్నించే పిటిషన్లు తన ముందు విచారణలో ఉన్నంతకాలం, గడువు మీరిందన్న కారణంతో క్లెయిములను కొట్టివేయవద్దని ట్రిబ్యునళ్లకూ హైకోర్టులకూ సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. బెంగళూరులో మేయో హాల్ భవనంలో ఉన్నవాటితో సహా, నగరంలోని స్మాల్ కాజెస్ (చిన్న సివిల్ తగాదాల) కోర్టులే మోటారు ప్రమాదాల ట్రిబ్యునళ్లుగా పనిచేస్తాయి. ఆ వరండాల్లో కాగితాల సంచులతో నిలబడేవారిలో తెలుగువారు తక్కువేమీ కాదు. అనంతపురం, మదనపల్లె, కుప్పం వైపునుంచి వచ్చి క్యాబులు నడిపేవారు, కట్టడం పనులకు వచ్చినవారు, హోసూరు రోడ్డు మీదా అవుటర్ రింగ్ రోడ్డు మీదా రోజూ రెండు చక్రాల బండి మీద ఆఫీసుకు వెళ్లివచ్చేవారు వారిలో ఉంటారు.

మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టాన్ని భరించే థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అన్న సంగతి బండి కొన్న ప్రతివారికీ తెలుసు కాబట్టి, అది ఎప్పుడు ఎందుకు వచ్చిందన్న చరిత్రను ఇక్కడ వదిలేద్దాం. గడువు గురించి మాట్లాడేవారు సాధారణంగా 2019 నాటి సవరణ చట్టంతో మొదలుపెడతారు. కానీ ఆ సవరణ ఎందుకంత గట్టిగా తగులుతోందో తెలియాలంటే 1994కు వెళ్లాలి. అసలు మలుపు అక్కడుంది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జులై 1న అమల్లోకి వచ్చినప్పుడు, దాని 166వ సెక్షన్ మూడవ ఉపసెక్షన్‌లో ఆరు నెలల గడువే ఉంది. అయితే దానికి ఒక మినహాయింపు తోడుగా ఉండేది. ఆలస్యానికి తగిన కారణం చూపగలిగితే పన్నెండు నెలల వరకు ట్రిబ్యునల్ దరఖాస్తును స్వీకరించవచ్చు. ఆ ఏడాది కూడా దాటితే మాత్రం ఎంతటి కారణమైనా చెల్లదు. 1939 నాటి పాత చట్టంలో ఈ మాత్రపు కట్టడి కూడా లేదు. తగిన కారణం ఉంటే ట్రిబ్యునల్ ఎప్పుడైనా మన్నించవచ్చు. కొత్త చట్టం బాధితుడికి పాతదానికంటే కటువైందన్న విమర్శ మొదలు కావడానికి ఎంతోకాలం పట్టలేదు.

1994 సవరణ, అదే ఏడాది నవంబరు 14నుంచి, ఆ మూడవ ఉపసెక్షన్‌ను పూర్తిగా తీసివేసింది. గడువును పెంచలేదు, సడలించలేదు. అసలు గడువే లేకుండా చేసింది. దానితోపాటు మరో రెండు మార్పులు వచ్చాయి. ఈనాటి వివాదానికి వాటి అవసరమే ఎక్కువ. లా కమిషన్ 119వ నివేదిక సిఫారసును అనుసరించి, బాధితులు ప్రమాదం జరిగిన చోటనే కాక తాము నివసించే చోట కూడా క్లెయిము వేసుకోవచ్చునని చట్టం ఒప్పుకుంది. బెంగళూరు కె.ఆర్.పురం దగ్గర లారీ కింద పడి భర్తను పోగొట్టుకున్న స్త్రీ ఊరికి తిరిగి వెళ్లిపోయినా, అనంతపురం కోర్టులోనే పరిహారం అడగగలిగింది ఆ మార్పు వల్లనే. రెండవది, మరణం గానీ గాయాలు గానీ ఉన్న ప్రతి ప్రమాదం గురించీ పోలీసు అధికారి ముప్పై రోజుల్లోగా ట్రిబ్యునల్‌కూ బీమా సంస్థకూ సమాచారం పంపాలని 158(6) సెక్షన్ ఆదేశించింది. అలా వచ్చిన నివేదికనే పరిహారపు దరఖాస్తుగా భావించాలని 166(4) చెప్పింది.

ఈ రెండు ఉపసెక్షన్లను కలిపి చదివితే చట్టం చేసిన పని అర్థమవుతుంది. కోర్టు తలుపు తట్టే బాధ్యతను ఆసుపత్రి మంచం మీదున్న మనిషినుంచి తీసి పోలీసు స్టేషను మీద పెట్టింది. బాధితుడు ఏమీ చేయకపోయినా, ఫారం 54 అనే కాగితం స్టేషనునుంచి ట్రిబ్యునల్‌కు వెళితే చాలు, కేసు మొదలైపోతుంది. గడువు తొలగింపును ఔదార్యంగా చూడటం పొరపాటని ఈ రచయిత అభిప్రాయం; దరఖాస్తు వేయవలసింది బాధితుడు కానప్పుడు అతనికి గడువు పెట్టడంలో అర్థం లేదన్నదే దాని వెనుక తర్కం.

గడువు పోయిన తరువాత మొదట తేల్చవలసి వచ్చింది పాత ప్రమాదాల సంగతి. 1990 డిసెంబరులో జరిగిన ప్రమాదానికి ఏడాది దాటిన కొద్ది రోజులకు వేసిన క్లెయిము ఒకటి కాలదోషం పట్టిందని తిరస్కరణకు గురై సుప్రీంకోర్టుకు చేరింది. 1996లో ధన్నాలాల్ కేసుగా పేరుపడిన ఆ తీర్పులో, గడువు నిబంధనను తీసివేసిన తరువాత, అప్పటికే నడుస్తున్న పిటిషన్లను సైతం ఆలస్యం పేరుతో కొట్టివేయడానికి వీల్లేదని న్యాయస్థానం చెప్పింది. సవరణకు ముందు ప్రమాదానికి గురైనవారిని శిక్షించి, తరువాతి వారిని రక్షించడం పార్లమెంటు ఉద్దేశం కాజాలదన్నది దాని సారం. అప్పటినుంచి 2022 మార్చి 31 వరకు, అంటే ఇరవై ఏడేళ్లకు పైగా, ఈ దేశంలో ప్రమాద పరిహారపు దరఖాస్తుకు గడువు లేదు.

కానీ ఆ తర్కంలోని రెండో సగం అమలు కాలేదు. పోలీసు స్టేషన్లనుంచి కాగితం కదలలేదు. 2007లో ఈ విషయం మీద సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది బాధితులు కాదు, బీమా సంస్థలే. జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య నడిచిన ఆ కేసులో, 158(6)ను పాటించేలా పోలీసులను ఆదేశించాలని న్యాయస్థానం అన్ని రాష్ట్రాలకూ చెప్పవలసి వచ్చింది. 2009 డిసెంబరులో జయప్రకాశ్ కేసులో అదే మాట మళ్లీ చెప్పింది. అదే నెలలో ఢిల్లీ హైకోర్టు రాజేశ్ త్యాగి కేసులో, పోలీసు నివేదికతోనే క్లెయిము మొదలై, బీమా సంస్థ నిర్ణీత రోజుల్లో తన ప్రతిపాదన చెప్పే పద్ధతిని రూపొందించింది. ఢిల్లీలో అది నిలదొక్కుకుంది. మిగతా దేశంలో మాత్రం పోలీసు కాగితాలను తెచ్చుకుని, వకీలును వెతుక్కుని, తామే పిటిషను వేసుకునే పాత అలవాటే కొనసాగింది. గడువు లేదు కాబట్టి ఆ లోపం ఎవరికీ పెద్దగా కనబడలేదు.

2016 ఆగస్టులో లోక్‌సభ ముందుకు వచ్చిన సవరణ బిల్లు థర్డ్ పార్టీ బీమా బాధ్యతకు మరణమైతే 10 లక్షలు, తీవ్రగాయమైతే 5 లక్షల రూపాయల పరిమితి పెట్టజూసింది. అప్పటిదాకా మరణానికీ గాయాలకూ పరిమితి లేనందువల్ల దాని మీద పెద్ద గొడవే జరిగింది; చివరికి ఆ పరిమితి తొలగిపోయింది. ఆ గొడవ చప్పుడులో గడువు నిబంధన దాదాపు చర్చ లేకుండానే దాటిపోయిందని చెప్పాలి. ఆ బిల్లు రాజ్యసభలో ఆగి మురిగిపోయాక, 2019లో కొత్తగా ప్రవేశపెట్టిన సవరణ చట్టమైంది. అందులోని 166(3), ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా వేయని దరఖాస్తును స్వీకరించరాదని ఒకే వాక్యంలో చెబుతుంది. 1988లో ఉన్న పన్నెండు నెలల మినహాయింపు ఇందులో లేదు. తగిన కారణమన్న మాటే లేదు. గాయపడిన మనిషి ఏడు నెలలు స్పృహ లేకుండా ఉండి చనిపోయినా, లెక్క ప్రమాదం నాటినుంచే.

ప్రభుత్వం ఈ నిబంధనను 2022 ఏప్రిల్ 1నుంచి అమల్లోకి తెచ్చింది. అదే రోజునుంచి పోలీసులకు కొత్త నియమాలు కూడా వచ్చాయి. దర్యాప్తు అధికారి 48 గంటల్లో తొలి ప్రమాద నివేదికను, 50 రోజుల్లో మధ్యంతర నివేదికను, 90 రోజుల్లో సమగ్ర నివేదికను ట్రిబ్యునల్‌కు సమర్పించాలి. సమగ్ర నివేదిక అందిన ముప్పై రోజుల్లో బీమా సంస్థ నియమించిన అధికారి తన నిర్ణయం చెప్పాలి. నివేదికను దరఖాస్తుగా భావించాలన్న 166(4) కొత్త చట్టంలోనూ కొనసాగింది. 2022 డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఈ నియమాలన్నిటినీ వివరించి, వాటిని అమలు చేయడానికి పోలీసు స్టేషన్లలో ప్రత్యేక విభాగాలు ఏర్పాటు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. కాగితం మీద చూస్తే 90వ రోజుకు నివేదిక ట్రిబ్యునల్‌లో ఉంటుంది, 180వ రోజు గడువు ఎవరికీ అడ్డు రాదు. పోలీసు నివేదికే దరఖాస్తు అన్న 1994 నాటి బేరమే ఇది, గడువు ఒక్కటి అదనం. పోలీసు వైపు మాట నిలబడకపోతే నష్టపోయేది మాత్రం బేరంలో లేని మూడో మనిషి, బాధితుడు.

బీమా సంస్థల వాదన కొట్టిపారేయదగినది కాదు. ఏళ్లు గడిచాక వచ్చే క్లెయిములో ప్రమాదానికి కారణమైన బండి ఏదో తేల్చడం కష్టం. గుద్ది పారిపోయిన బండి స్థానంలో బీమా ఉన్న మరో బండిని చూపించే మోసాలు నిజంగానే జరిగాయి. దొంగ క్లెయిముల మీద 2015లో అలహాబాదు హైకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్నే వేయవలసి వచ్చింది. థర్డ్ పార్టీ ప్రీమియాన్ని నిర్ణయించేది సంస్థలు కాదు, ప్రభుత్వం. బాధ్యతకు అంతు లేనప్పుడు కాలానికైనా హద్దు ఉండాలన్నది వారి మాట.

అయితే మోసాన్ని పట్టుకునే సాధనాలు పోలీసు స్టేషనులోనే ఉన్నాయి, క్యాలెండరులో కాదు. ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమును అనుమానించరాదని, గాయపడిన మనిషి ఇంటివారు ముందు ఆసుపత్రికి పరుగెత్తడం సహజమని సుప్రీంకోర్టు 2011లోనే, రవి కేసులో, చెప్పింది.

ఆరు నెలల్లో ఏమేం జరగాలో బెంగళూరు లెక్కలో చూద్దాం. ఇక్కడ ప్రమాదాల కేసులను చూసేవి ట్రాఫిక్ పోలీసు స్టేషన్లు. క్లెయిముకు కావలసిన కాగితాలు ఎఫ్‌ఐఆర్, ఘటనాస్థలి మహజరు, స్కెచ్, వాహన తనిఖీ నివేదిక, ఆసుపత్రి ఇచ్చే గాయాల ధ్రువపత్రం, చివరికి చార్జిషీటు. మనవైపు పంచనామా అనేదే ఇక్కడి మహజరు. ఇవన్నీ చాలావరకు కన్నడంలో ఉంటాయి కాబట్టి, ఊరికి వెళ్లి చిత్తూరులోనో హిందూపురంలోనో కేసు వేసేవారికి అనువాదాల పని కూడా పడుతుంది. కాలు విరిగి లోపల ప్లేటు వేసిన మనిషికి శాశ్వత వైకల్యం ఎంత శాతమో ఎముక అతుక్కున్నాక గానీ డాక్టరు చెప్పలేడు. దినసరి కూలీ అయితే అప్పులు తీర్చుకునే పనిలోనే ఆరు నెలలు గడిచిపోతాయి. ఎదుటి బండి బీమా ఏ సంస్థదో కూడా చాలామందికి తెలియదు. వాహనం నంబరుతో రవాణాశాఖ యాప్‌లో చూసుకోవచ్చని, లేదా 160వ సెక్షన్ కింద పోలీసు స్టేషనునుంచీ రిజిస్ట్రేషన్ అధికారినుంచీ ఆ వివరాలు పొందే హక్కు ఉందని చెప్పేవారు ఉండరు.

ఇక ఎవరికీ దెబ్బ తగలక కారు మాత్రమే సొట్టపోయిన సందర్భం వేరు. థర్డ్ పార్టీ ఆస్తి నష్టానికి కారు పాలసీలో 7.5 లక్షల రూపాయల వరకు రక్షణ ఉన్నా, దాన్ని రాబట్టడానికి వెళ్లవలసింది అదే ట్రిబ్యునల్‌కు, అదే గడువులో. బంపరు కోసం అంత దూరం ఎవరు వెళతారు? సిల్క్ బోర్డు కూడలి దగ్గర రోడ్డు మీదే బేరమాడుకోవడమో, సొంత పాలసీ మీద బాగు చేయించుకుని, క్లెయిము చేయనివారికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపైన నో క్లెయిమ్ బోనస్ పోగొట్టుకోవడమో జరుగుతుంది. ఎదుటివాడి తప్పుకు మన బోనస్ పోవడమన్న ఈ వింత ఏ పిటిషనులోకీ ఎక్కదు.

సుప్రీంకోర్టు ముందున్న ప్రశ్న గడువు ఆరు నెలలా, ఏడాదా అన్నదానితో ముగియదు. పోలీసు నివేదికే దరఖాస్తు అని చట్టం ఒకచోట చెబుతున్నప్పుడు, ఆ నివేదిక పంపని తప్పు పోలీసులదై, శిక్ష బాధితుడిదెలా అవుతుందన్నది దాని కింద ఉన్న అసలు ప్రశ్న. మధ్యంతర ఉత్తర్వు తుది తీర్పు కాదు కాబట్టి, దాని మీద భారం వేసి కూర్చోవడం ఎవరికీ క్షేమం కాదు. చేతిలో ఉన్న కాగితాలతో ముందు పిటిషను వేసి, వైకల్య ధ్రువపత్రం, చార్జిషీటు తరువాత దాఖలు చేసుకోవచ్చు. దానికంటే ముందు ట్రాఫిక్ స్టేషనులో అడగవలసింది ఒకటుంది. తొలి ప్రమాద నివేదిక, అంటే ఫారం 1, ట్రిబ్యునల్‌కు ఏ తేదీన వెళ్లిందో కనుక్కుని దాని నకలు తీసుకోవాలి. ఆ తేదీ ఆరు నెలల లోపలిదైతే, తమ దరఖాస్తు ఆనాడే దాఖలైనట్టని 166(4) ఆధారంగా వాదించడానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది.